కాడ ఎక్కడ, మచ్చ ఎక్కడ?

ఈనాటి ప్రసంగ విషయం వినగానే కొందరు రేడియో చప్పుడు తగ్గించవచ్చు. దయచేసి తగ్గించకండి. జారిన రొమ్మును పైకెత్తి కుట్టే శస్త్రచికిత్సలో రకరకాల పద్ధతులున్నాయి. అవి ఎక్కడెక్కడ పుట్టాయి, డాక్టర్లు ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని ఎందుకు పట్టుకున్నారు, వాటిలో ఒకటి ఎంచుకోవలసి వచ్చిన స్త్రీ ఏమడగాలి అన్నది ఇవాళ్టి చరిత్ర. నేను డాక్టరును కాను. పొద్దున కన్నడంలో సాంఘికశాస్త్రం, మధ్యాహ్నం తెలుగు పాఠం చెప్పే పంతులమ్మను. చరిత్ర పాఠంలో యుద్ధాల తేదీలు పిల్లల చేత వల్లె వేయిస్తాం. ఆ యుద్ధాల్లో తెగిన ముక్కులను ఎవరు, ఎలా బాగుచేశారో మాత్రం చెప్పం. ఈ కథ అక్కడే మొదలవుతుంది. అదీ ఎక్కడో కాదు, మన శ్రీరంగపట్నం దగ్గర.

1792లో ముగిసిన మైసూరు యుద్ధంలో ఆంగ్లేయుల సైన్యం వెంట ఎద్దులు తోలే ఒక మరాఠా రైతు ఉండేవాడు. పేరు కవాస్జీ. అతను టిప్పు సైన్యానికి చిక్కాడని, ముక్కూ ఒక చెయ్యీ కోసి వదిలేశారని 1794 అక్టోబరులో లండన్‌లోని ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’ అనే పత్రికలో అచ్చయిన ఉత్తరం చెబుతుంది. ఏడాదికి పైగా ముక్కు లేకుండానే తిరిగాడు. తర్వాత పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక మనిషి అతనికి కొత్త ముక్కు పెట్టాడు. చూసిన ఆంగ్ల వైద్యులు నోరెళ్ళబెట్టారు.

ఆయన చేసిందేమిటో కాస్త నిదానంగా వినండి. మనకు కావలసిన తాళపుచెవి అందులోనే ఉంది. ముందు పల్చటి మైనపు రేకును ముక్కు ఆకారానికి ఒత్తి చూసుకున్నాడు. ఆ రేకును విప్పి నుదుటి మీద పరిచి, దాని చుట్టూ గీత గీశాడు. ఆ గీత వెంట చర్మాన్ని కోసి లేపాడు. అయితే పూర్తిగా కోసెయ్యలేదు. రెండు కళ్ళ మధ్య సన్నటి చర్మపు పట్టీని తెగకుండా వదిలాడు. లేపిన చర్మాన్ని ఆ పట్టీ మీదే మెలితిప్పి కిందికి దించి, ముక్కు ఉండవలసిన చోట అమర్చాడు. నీళ్ళలో నానిన కాచును గుడ్డపీలికల మీద రాసి కట్టు కట్టాడు. అవునండీ, తాంబూలంలో వేసుకునే కాచే. దాదాపు ఇరవై అయిదు రోజులు గడిచాక, కొత్త ముక్కు అక్కడి నెత్తుటితో బతకడం నేర్చుకున్నాక, ఆ పట్టీని కోశాడు.

ఆ పట్టీయే కాడ. గుమ్మడికాయను కాడ తెంచి ఎంత జాగ్రత్తగా దాచినా అది ఇక పెరగదు. కాడ ఉన్నంతసేపే దానికి నీరందుతుంది. చర్మమైనా మాంసమైనా అంతే. నెత్తురు తెచ్చే దారి తెగనంతసేపు దాన్ని తిప్పవచ్చు, జరపవచ్చు, ఎత్తవచ్చు. దారి తెగితే నల్లబడి రాలిపోతుంది.

ఈ విద్య పూనా ఇటుకల మనిషితో పుట్టిందేమీ కాదు. సుశ్రుత సంహితలో చెంప మీది చర్మంతో ముక్కు చేసే విధానం ఉంది, ముక్కు కొలతకు ముందు ఆకును కత్తిరించుకోవాలన్న సూచనతో సహా. బీజాపూరు ప్రాంతపు వైద్యులు నుదుటి చర్మాన్ని కిందికి దించి తెగిన ముక్కులను బాగుచేస్తారని ఇటలీ యాత్రికుడు మనూచీ రాసిపెట్టాడు. ఆ ఇటలీలోనే వేరే పద్ధతి ఒకటుంది. బొలోన్యా నగరంలో టల్యకోట్సీ అనే వైద్యుడు 1597లో అచ్చువేసిన పుస్తకంలో వివరించాడు. చర్మాన్ని జబ్బ నుంచి తీస్తారు. కాడ చేతికే ఉంటుంది కాబట్టి, అది అతుక్కునేదాకా రోగి తన చెయ్యి ముఖానికి కట్టేసుకుని ఇరవై రోజుల వరకూ అలాగే ఉండాలి. నుదుటి మీద మచ్చ పడదు. కానీ ఆ ఇరవై రోజులు ఎలా గడుస్తాయో ఊహించుకోండి. మన పద్ధతిలో ఆ బాధ లేదు గానీ నుదుటి మీద మచ్చ ఉంటుంది. మచ్చ ఎక్కడ ఉండాలి, కాడ ఎక్కడ ఉండాలి అన్న రెండు ప్రశ్నలూ అప్పుడే ఎదురెదురుగా నిలబడ్డాయి చూశారా!

లండన్‌లో కార్ప్యూ అనే శస్త్రవైద్యుడు ఆ ఉత్తరం చదివి, శవాల మీద సాధన చేసి, 1814లో ఒక సైనికాధికారికి మన పద్ధతిలో ముక్కు పెట్టాడు. 1816లో పుస్తకం వేశాడు. 1818లో బెర్లిన్‌లో గ్రేఫె రాసిన పుస్తకం పేరులో ‘ప్లాస్టిక్’ అన్న మాట చేరింది. మన బిందెల ప్లాస్టిక్కు అప్పటికి పుట్టలేదు. ఆకారం ఇవ్వడం అని ఆ గ్రీకు మాటకు అర్థం.

ముక్కు నుంచి రొమ్ముకు రావడానికి యూరపు వైద్యులకు ఇంకో ఎనభై ఏళ్ళు పట్టింది. మనం కొంచెం తొందరగా వద్దాం.

కన్నడంలో ‘తొట్టు’ అన్న మాటుంది. పండు తొడిమనూ తొట్టు అంటారు, చనుమొననూ తొట్టు అంటారు. తెలుగులో రెండింటికీ వేర్వేరు మాటలున్నాయి. ఈ ఒక్క విషయంలో కన్నడమే శస్త్రవైద్యానికి దగ్గరగా ఉందనిపిస్తుంది నాకు. రొమ్మును పైకెత్తే శస్త్రచికిత్స అంతా ఆ తొట్టును బతికించుకుంటూ పైకి జరపడం మీదే ఆధారపడి ఉంది.

అసలు రొమ్ము ఎందుకు జారుతుంది? రొమ్ములో కండ లేదు. పాలగ్రంథి, కొవ్వు, వాటిని చర్మానికీ ఛాతీకీ పట్టి ఉంచే సన్నని పోగులు ఉంటాయి. ఆ పోగులను 1840లో ఆస్ట్లీ కూపర్ అనే ఆంగ్ల వైద్యుడు వర్ణించాడు, అందుకే ఆయన పేరుతోనే పిలుస్తారు. కాన్పులు, బరువు పెరిగి తగ్గడం, వయసు, రొమ్ము సొంత బరువు, వీటివల్ల ఆ పోగులు సాగుతాయి, చర్మం వదులవుతుంది. సాగిన నవారు మంచాన్ని మళ్ళీ బిగించి అల్లుకోవచ్చు. ఈ పోగులకు ఆ వీలు లేదు. కండ లేని చోట వ్యాయామం పనిచెయ్యదు, నూనె రాస్తే పోగులు కురచ కావు. గోడల మీద, పత్రికల వెనక అట్టల మీద కనిపించే నూనెల ప్రకటనలకు డబ్బు తగలేసే ముందు ఈ మాట గుర్తుంచుకోండి.

రొమ్ముకు నెత్తురు మూడు వైపుల నుంచి వస్తుంది. ఎదురొమ్ము ఎముక పక్కనుంచి కొంత, చంక వైపు నుంచి కొంత, వెనక పక్కటెముకల సందుల్లోంచి కొంత. చనుమొనను పైకి జరపాలంటే ఈ దారుల్లో ఏదో ఒకదాన్ని కాడగా ఉంచుకుని మిగతా చోట్ల కొయ్యాలి. ఏ దారిని ఉంచుకున్నారు అన్నదే ఒక పద్ధతికీ ఇంకో పద్ధతికీ అసలు తేడా.

చరిత్రకు వద్దాం. ఏడో శతాబ్దపు గ్రీకు వైద్యుడు పాల్ ఆఫ్ ఈజినా, ఆడవాళ్ళలా రొమ్ము పెరిగిన మగవాళ్ళకు చేసే చికిత్స రాశాడు. చంద్రవంక ఆకారంలో ఒక కోత, రొమ్ము మరీ పెద్దదై వేలాడితే రెండు కోతలు. ఎంత జారిందో దాన్నిబట్టి కోత అన్న సూత్రం అంత పాతదన్నమాట. స్త్రీల విషయంలో 1897లో ఫ్రాన్సు వైద్యుడు పూసాఁ రొమ్ము పైభాగంలో నెలవంకలాగా చర్మం, కొవ్వు తీసేసి, మిగిలినదాన్ని ఛాతీ కండ మీది పొరకు కుట్టాడు. బట్టను మేకుకు తగిలించినట్టు. మచ్చ రొమ్ము పైనే, కంటికి ఎదురుగా. బరువుకు కుట్టు ఎంతకాలం ఆగుతుంది?

1922లో షికాగోలో మాక్స్ తోరెక్ ఇంకో తోవ పట్టాడు. చనుమొనను పూర్తిగా తీసి, రొమ్మును తగ్గించి, కొత్త చోట నాటాడు. కాడ లేదు, నారు పీకి వేరే మడిలో నాటినట్టే. నాటినది పట్టుకుంటే బతుకుతుంది. కానీ దాని స్పర్శ చాలావరకు పోతుంది, పాలిచ్చే దారి తెగిపోతుంది. రొమ్ము మరీ పెద్దదై, ఏ కాడా అంత దూరం నెత్తురు మొయ్యలేనప్పుడు ఈ పద్ధతిని ఇప్పటికీ వాడతారు.

1928లో వియన్నా వైద్యుడు బీసెన్‌బర్గర్ పద్ధతి బయటికొచ్చింది. చర్మాన్ని గ్రంథి నుంచి దాదాపు అంతా విడదీసి, గ్రంథిని పక్కగా కోసి మెలితిప్పి, మళ్ళీ చర్మం కప్పేవాడు. ఆపరేషన్ బల్ల మీద ఆకారం ముచ్చటగా వచ్చేది. అందుకే ఇంచుమించు ముప్ఫై ఏళ్ళు చాలామంది దాన్నే వాడారు. కానీ చర్మానికీ గ్రంథికీ మధ్య నెత్తురు దారులు తెగేవి. కొందరికి చర్మం నల్లబడేది, కొందరికి చనుమొనే పోయేది. ఈ సంగతి నన్ను చాలాసేపు ఆపింది. ముప్ఫై ఏళ్ళు! కుట్లు వేసిన రోజు కనిపించే అందాన్ని చూసి పద్ధతిని మెచ్చుకున్నారు, నెల తర్వాత పక్క మీద ఉన్న మనిషిని చూసి కాదు. అలాగని హెచ్చరించేవాళ్ళు లేకపోలేదు. 1930లోనే ష్వార్ట్స్‌మాన్, చనుమొన చుట్టూ పైపొర మాత్రం గీకి, లోపలి చర్మాన్ని తెగకుండా ఉంచితే చాలు, దాని గుండా నెత్తురు అందుతుందని చూపించాడు. పూనా మనిషి కళ్ళ మధ్య వదిలిన పట్టీ లాంటిదే ఇదీను. వైద్యలోకం దాన్ని పూర్తిగా తలకెక్కించుకోవడానికి చాలాకాలం పట్టింది.

1956లో అమెరికాలోని హ్యూస్టన్‌లో రాబర్ట్ వైజ్ చేసిన పని చెబితే మన దర్జీలు నవ్వుకుంటారు. రవికకు డాట్లు ఎందుకు పెడతాం? చదునైన గుడ్డ గుండ్రంగా రావడానికి. వైజ్ సరిగ్గా అదే ఆలోచించి, బ్రాలు కుట్టే కత్తిరింపు నమూనాలను దగ్గర పెట్టుకుని, చర్మం మీద ముందే గీసుకునే అచ్చు ఒకటి తయారుచేశాడు. అంతకుముందు బల్ల దగ్గర కంటి అంచనాతో కోసేవాళ్ళు. ఇప్పుడు కొలత వచ్చింది, రెండు వైపులూ సమానంగా రావడం తేలికైంది, కొత్తగా నేర్చుకునేవాడికి చెప్పడం కుదిరింది. పంతులమ్మగా నాకు ఈ చివరి సంగతి చాలా నచ్చింది. దాని వెల మచ్చ. చనుమొన చుట్టూ ఒక వలయం, అక్కణ్ణుంచి కిందికి నిలువు గీత, రొమ్ము కింది మడతలో అడ్డగీత. తలకిందులు చేసిన ఇంగ్లీషు టి అక్షరంలా ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. వైజ్ అచ్చు చర్మాన్ని ఎలా కొయ్యాలో మాత్రమే చెబుతుంది. లోపల కాడ ఎటువైపు ఉంచాలన్నది వేరే ప్రశ్న. అదే అచ్చు కింద 1960లో స్వీడన్‌లో స్ట్రోంబెక్ అడ్డంగా రెండు వైపులా కాడ ఉంచాడు. 1972లో మెకిసాక్ నిలువుగా పైనా కిందా ఉంచాడు. 1970ల్లో కింది వైపు కాడ వచ్చి, అమెరికాలో బాగా స్థిరపడింది. బయటి మచ్చ ఒకటే, లోపలి కాపురం వేరు. కాబట్టి ‘మీరు ఏ రకం ఆపరేషన్ చేస్తారు?’ అని ఒక్క ప్రశ్న అడిగితే సగం జవాబే వస్తుంది. మచ్చ ఎక్కడ ఉంటుంది అని ఒకసారి, కాడ ఎటువైపు ఉంచుతారు అని ఇంకోసారి అడగాలి.

టి మచ్చను తగ్గించాలన్న పోరు ఫ్రాన్సు, బెల్జియం, బ్రెజిల్‌లలో ఎక్కువగా జరిగింది. 1970లో ఫ్రాన్సులోని నీస్ వైద్యుడు లస్సూ నిలువు మచ్చ పద్ధతిని ప్రచురించాడు. 1990ల్లో బ్రస్సెల్స్‌లో మాదలేన్ లెజూర్ అనే వైద్యురాలు దాన్ని వ్యాప్తిలోకి తెచ్చింది. కింది మడతలో అడ్డగీత లేదు. ఆమె పద్ధతిలో కుట్టిన కొత్తలో రొమ్ము అడుగున చర్మం ముడతలు పడి ఉంటుంది, ఆకారం పైకి పొంగినట్టుగా వింతగా కనిపిస్తుంది. సర్దుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఆ మనిషి అద్దం ముందు ఏడుస్తుంది. బీసెన్‌బర్గర్ కథకు ఇది సరిగ్గా తలకిందులు. బల్ల మీద అందం లేదు, ఏడాదికి వస్తుంది. 1999లో కెనడా వైద్యురాలు ఎలిజబెత్ హాల్-ఫిండ్లే నిలువు మచ్చకు ఎదురొమ్ము వైపు కాడను జోడించి, పనిని ఇంకా తేలిక చేసింది.

1990లో పారిస్ వైద్యుడు బెనెల్లీ మచ్చను చనుమొన చుట్టూ వలయానికే పరిమితం చేశాడు. ఆ వలయం చుట్టూ కరగని దారం వేసి, వక్కాకు సంచీ మూతిని తాడుతో బిగించినట్టు బిగిస్తారు. వినడానికి ఇదే అన్నిటికన్నా బాగుంటుంది, మచ్చ ఒక్కటే కదా అని. కానీ ఎక్కువ చర్మం తియ్యవలసిన చోట ఈ పద్ధతి పెడితే రొమ్ము ముందుభాగం చదునవుతుంది, వలయం సాగుతుంది, మచ్చ వెడల్పవుతుంది. చిన్న మచ్చ మీద ఆశతో పెద్ద పనికి చిన్న పద్ధతి ఎంచుకోవడమే అసంతృప్తికి పెద్ద కారణం.

మరి ఎంత జారితే ఏది? మాంట్రియల్ వైద్యురాలు పాల్ రెన్యో 1976లో ఇచ్చిన కొలత ఇప్పటికీ వాడుకలో ఉంది. రొమ్ము కింది మడతతో చనుమొనను పోల్చి చూడాలి. చనుమొన మడతకు సరిగ్గా ఎదురుగానో, ఒక సెంటీమీటరు కిందనో ఉంటే మొదటి మెట్టు. ఇంకా కిందికి దిగినా రొమ్ము అడుగు అంచుకు పైనే ఉంటే రెండోది. అట్టడుగుకు చేరి నేలచూపులు చూస్తుంటే మూడోది. చనుమొన మడత పైనే ఉండి, గ్రంథి మాత్రం కిందికి జారితే అది వేరే లెక్క. మొదటి మెట్టులో వలయం చాలవచ్చు. రెండో దానికి తరచు నిలువు కోత. మూడో దానికి, చర్మం బాగా ఎక్కువున్నప్పుడు, టి. ఇది మోటు లెక్క. చర్మం గుణం, బరువు, వయసు చూసి డాక్టరు మార్చవచ్చు. కానీ మూడో మెట్టులో ఉన్న మనిషికి ‘వలయం మచ్చతోనే అయిపోతుంది’ అని ఎవరైనా హామీ ఇస్తే, ఎలా కుదురుతుందో అడిగి తెలుసుకునే హక్కు మీకుంది.

ఈ పద్ధతులు చాలావరకు తెల్లచర్మం మీద పెరిగాయి. మనలాంటి చామనచాయ, నలుపు చర్మం మీద మచ్చలు నల్లబడటం, ఉబ్బి గట్టిపడటం ఎక్కువ. చెవి కుట్టించుకున్న చోట, టీకా వేసిన చోట, కాన్పు కోత దగ్గర మీకు గడ్డలా ఉబ్బిన మచ్చ వచ్చిందా? దాన్ని కీలాయిడ్ అంటారు. అది ఉంటే డాక్టరు అడగకపోయినా మీరే చూపించండి. అలాంటివాళ్ళకు మచ్చ నిడివి అందానికి మించిన లెక్క అవుతుంది.

రెండో సంగతి పొగాకు. నికోటిన్ సన్నటి నెత్తురు దారులను ముడుచుకునేలా చేస్తుంది. కాడ ఎంత బాగా ఉంచినా, దానిలో నెత్తురు పారకపోతే ఏం లాభం? బీడీ, చుట్ట ఒక్కటే కాదు, తాంబూలంలో నమిలే జర్దా, గుట్కా, దంతాలకు రాసే పొగాకుపొడి, అన్నీ ఆ లెక్కలోవే. శ్రీకాకుళం వైపూ ఒడిశా తీరాన గంజాం వైపూ అడ్డపొగ తాగే అమ్మలు ఈ ప్రసంగం వింటుంటే, వాళ్ళకూ ఇదే మాట. శస్త్రచికిత్సకు కొన్ని వారాల ముందే మానెయ్యాలి, గాయం మానేదాకా ముట్టకూడదు. సిగ్గుపడి దాస్తే నష్టం మీకే.

ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఆగడం మేలు. మళ్ళీ కాన్పయితే చర్మం మళ్ళీ సాగుతుంది. పాలివ్వడం సంగతి కాడను బట్టి ఉంటుంది. చనుమొన కింద గ్రంథి అతుక్కునే ఉంటే చాలామంది ఇవ్వగలరు, కానీ దానికి హామీ లేదు.

‘ఇదంతా సోకు కాదా, దీనికో ప్రసంగమా?’ అని మా ఊళ్ళో పెద్దావిడ ఒకామె అడిగింది, నేను ఈ కాగితాలు రాసుకుంటుంటే. కాదనలేను, కొంత సోకే. కానీ మోయలేని బరువుతో మెడ, భుజాలు నొప్పెట్టి, రొమ్ము కింద చెమటకు చర్మం ఒరిసి పుండయ్యే స్త్రీలు పొలాల్లోనూ ఉన్నారు, కొళాయి క్యూల్లోనూ ఉన్నారు. పారిస్‌లో సుజాన్ నోయెల్ అనే వైద్యురాలు 1926లో సౌందర్య శస్త్రచికిత్సకు సమాజంలో ఉన్న పాత్ర మీద పుస్తకమే రాసింది. వయసు కనిపిస్తే పని పోయే ఆడవాళ్ళ గురించి ఆమె మాట్లాడింది. ఏది సోకో, ఏది అవసరమో ఆ బరువు మోసేవాళ్ళు చెప్పాలి గానీ పక్కన కూర్చున్నవాళ్ళు కాదని నా అభిప్రాయం. పెద్దావిడ ఒప్పుకోలేదు. ఆవిడకు ఇంకో సంగతి చెప్పాను. అది మీకూ చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతులు ఇప్పుడు కాన్సరు వార్డులోకి వచ్చాయి.

రొమ్ము కాన్సరుకు అమెరికాలో హాల్‌స్టెడ్ 1894లో ప్రచురించిన పద్ధతిలో రొమ్ము, దాని కింద ఛాతీ కండలు, చంకలో గ్రంథులు, మొత్తం తీసేసేవాళ్ళు. డెబ్భై ఎనభై ఏళ్ళు అదే శాసనం. అక్కడ ఇంకో ఆచారం ఉండేది. గడ్డ కాన్సరో కాదో చూడటానికని మత్తిచ్చి, కాన్సరని తేలితే అదే మత్తులో రొమ్మంతా తీసేవాళ్ళు. లేచేటప్పటికి రొమ్ము ఉంటుందో ఉండదో తెలియకుండానే మనిషి కళ్ళు మూసుకునేది. రోజ్ కుష్నర్ అనే అమెరికా పాత్రికేయురాలు 1974లో తనకు గడ్డ వచ్చినప్పుడు దానికి ఒప్పుకోలేదు. ముందు పరీక్ష చెయ్యండి, నాకు చెప్పండి, తర్వాత నిర్ణయిద్దాం అంది. 1979లో అమెరికా ప్రభుత్వ వైద్య సంస్థ వేసిన సంఘం, రెండు పనులూ విడివిడిగా చెయ్యాలని చెప్పింది. ఆ సంఘంలో ఆమె కూడా సభ్యురాలే.

ఈలోగా ఇటలీలో వెరొనేసీ 1973లో, అమెరికాలో ఫిషర్ 1976లో పరీక్షలు మొదలుపెట్టారు. కొందరికి రొమ్మంతా తీశారు, కొందరికి గడ్డను, దాని చుట్టూ కొంత భాగాన్ని తీసి రేడియేషన్ ఇచ్చారు. ఇరవై ఏళ్ళ ఫలితాలు 2002లో వచ్చాయి. బతికిన లెక్కలో రెండు గుంపులకూ తేడా లేదు. అంటే తగిన సమయంలో వచ్చిన చాలామందికి రొమ్ము మొత్తం పోగొట్టుకోవలసిన అవసరమే లేదు.

అయితే పెద్ద ముక్క తీస్తే రొమ్ము గుంట పడి వంకరవుతుంది. అప్పుడే పాత అచ్చులు అక్కరకొచ్చాయి. 1990ల నుంచి జర్మనీ, ఫ్రాన్సు వైద్యులు గడ్డ ఉన్న చోటు చూసి, దానికి తగ్గ కాడను వేరే వైపు ఉంచి, వైజ్ అచ్చుతోనో నిలువు కోతతోనో గడ్డనూ తీసి రొమ్మునూ ఎత్తి కుట్టడం మొదలుపెట్టారు. గడ్డ కింది భాగంలో ఉంటే కాడ పై నుంచి. పైన ఉంటే కాడ కింది నుంచి. బీసెన్‌బర్గర్ రోజుల్లో పోయిన చనుమొనలు నేర్పిన పాఠం ఇవాళ కాన్సరు రోగి రొమ్మును నిలబెడుతోంది. ఇక్కడ రేడియేషన్ మాత్రం సాధారణంగా తప్పదు, అది పూర్తిగా తీసుకోలేకపోతే ఈ దారి సరైనది కాదు. మద్రాసు అడయారులో ముత్తులక్ష్మీ రెడ్డిగారి కృషితో 1954లో వెలసిన కాన్సర్ ఇన్‌స్టిట్యూట్, ముంబైలో టాటా మెమోరియల్, బెంగుళూరులో కిద్వాయి, ఇలాంటి పెద్ద కేంద్రాలు మన సరిహద్దు జిల్లాలకు రైలు దూరంలో ఉన్నాయి. ‘రొమ్ము ఉంచి చెయ్యడానికి నా గడ్డకు వీలుందా? లేకపోతే ఎందుకు లేదు?’ అన్న ప్రశ్న అక్కడ అడగండి. గడ్డ మరీ పెద్దదైనా, చాలా చోట్ల వ్యాపించినా వీలుండకపోవచ్చు. కొన్నిసార్లు ముందు మందులిచ్చి గడ్డను కుదించి చూస్తారు. జవాబు ఏదైనా కారణంతో సహా వినాలి.

చివరగా సరిహద్దు వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. మనం ఒక రాష్ట్రంలో పుట్టి, ఇంకో రాష్ట్రంలో మెట్టి, మూడో రాష్ట్రంలో వైద్యం చేయించుకుంటాం. బెంగుళూరులో ఆపరేషన్ అయినవాళ్ళు పదేళ్ళ తర్వాత హైదరాబాదులో కూతురి దగ్గర ఉంటారు. అప్పుడు అదే రొమ్ములో గడ్డ కనిపించినా, మళ్ళీ ఎత్తి కుట్టవలసి వచ్చినా, కొత్త డాక్టరు మొట్టమొదట తెలుసుకోవలసింది పాత కాడ ఎటువైపు ఉందనే. మచ్చ చూస్తే అది తెలియదు, ఇందాకే చెప్పుకున్నాం. తెలియక ఆ కాడ మీదే కోత పెడితే చనుమొనకు నెత్తురాగుతుంది. కాబట్టి ఆసుపత్రి నుంచి వచ్చే రోజున డిశ్చార్జి చీటీలో కోత ఏ రకమో, కాడ ఏ వైపో రెండూ రాయించుకోండి. ఇంగ్లీషులోనే రాయమనండి, ఏ ఊళ్ళోనైనా చదువుతారు. తీసిన ముక్క పరీక్ష రిపోర్టు కూడా దానికే కుట్టండి. రెండు జిరాక్సులు తీయించి, ఒకటి పుట్టింట్లో ఉంచండి.